కంచు గుర్రం, ఇత్తడి నంది: తోమకముందు, అమ్మకముందు

మలక్‌పేటలో మీ తాతగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే రెండు జంతు శిల్పాలు బయటపడ్డాయని రాశారు. ఒకటి నల్లరాతి పీఠం మీద నిలబడ్డ గుర్రం, ముప్పై సెంటీమీటర్ల ఎత్తు, అడుగున ‘పి.జె. మేన్’ అని ఇంగ్లిషు అక్షరాలు. రెండోది అరచేతిలో ఇమిడే నంది. చార్మినార్ దగ్గర ఒక వ్యాపారి గుర్రం రెండు వందల ఏళ్లనాటిదన్నారు. ఇంకొకరు తూకానికైతే తీసుకుంటామన్నారు. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య గుర్రాన్ని తనతో తీసుకువెళ్తానంటున్నారు. నంది ఫొటో పెట్టి, వీటికి ధర ఎంత ఉంటుందన్నారు. నందికి ఒక పక్క చింతపండు, ఉప్పు పెట్టి తోమితే మెరిసిందని, మిగతాది కూడా తోమవచ్చా అని అడిగారు.

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. దయచేసి తోమడం ఇంతటితో ఆపండి. మిగతా జవాబు తీరిగ్గా చదివినా ఫరవాలేదు, ఈ మాట మాత్రం ఇవాళే పాటించండి.

రాగి కలిసిన ఏ లోహమైనా గాలి తగిలి, చేతులు తగిలి, ఏళ్లు గడిచేకొద్దీ పైన ఒక పొర కట్టుకుంటుంది. గోధుమ రంగు, ముదురు ఎరుపు, కొన్నిచోట్ల పచ్చదనం. అది మురికి కాదు. లోపలి లోహాన్ని కాపాడే కవచం అదే, వస్తువు ఎలా బతికిందో చెప్పే ఆధారమూ అదే. చింతపండు, నిమ్మచెక్క, బజారులో దొరికే ఇత్తడి పొడులు ఆ పొరను నిమిషాల్లో కరిగించేస్తాయి. ఉప్పు కలిపితే అంతకన్నా పెద్ద ప్రమాదం. ఉప్పులోని క్లోరైడు లోహపు సన్న రంధ్రాల్లో చేరి రాగితో కలిసి, తేమ తగిలినప్పుడల్లా లోలోపల తినడం మొదలుపెడుతుంది. సంరక్షణ పనిలో ఉన్నవాళ్లం దీన్ని కంచు రోగం అంటాం. గుర్తుపట్టడం కష్టం కాదు. పాత కిలుము గట్టిగా, నున్నగా, లోహానికి అంటుకుని ఉంటుంది. రోగం పట్టిన చోట లేత ఆకుపచ్చ పొడి మచ్చలు మచ్చలుగా పొంగి, మెత్తటి కుంచెతో తుడిచేసినా కొద్ది రోజుల్లో మళ్లీ వస్తుంది. నందిని ఒక తెల్ల కాగితం మీద ఉంచి గమనిస్తూ ఉండండి. కింద లేతపచ్చ పొడి రాలుతూ ఉంటే ఇంట్లో వైద్యం పనికిరాదు. దాన్ని మిగతా వస్తువులకు దూరంగా, సిలికా జెల్ సంచులు వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టి, లోహపు పురావస్తువులను బాగుచేసే సంరక్షకుల దగ్గరికి తీసుకువెళ్లండి. గాలిలో తేమ నలభై శాతానికి దిగితే ఈ రోగం దాదాపు నిలిచిపోతుంది. హైదరాబాద్‌లో వేసవి పొడిగా ఉంటుంది కాబట్టి బయటపడదు. జూలై వచ్చేసరికి విజృంభిస్తుంది.

ఇప్పటికే తోమేసిన పక్కను డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు కడిగి, మెత్తటి నూలు బట్టతో అద్ది, కొద్దిపాటి వెచ్చని గాలితో పూర్తిగా ఆరబెట్టండి. రెండు పక్కలూ సమానం చేయాలని మిగతాది తోమవద్దు. మెరిసిన వైపు కాలక్రమంలో తనంతట తాను నల్లబడుతుంది.

ఇక గుర్రం. ఆ వ్యాపారి చెప్పిన వయసు లెక్కకు నిలవదు. పియేర్ జూల్ మేన్ పారిస్ శిల్పి, పుట్టింది 1810లో, పోయింది 1879లో. రెండు వందల ఏళ్ల కిందట ఆయన ఇంకా కుర్రవాడు. జంతువులనే ప్రధానంగా మలిచిన ఫ్రెంచి శిల్పుల తరం ఒకటి 19వ శతాబ్దంలో వచ్చింది. ఆనిమలియేలని వాళ్లకు పేరు. వాళ్లకు పెద్దదిక్కు ఆంట్వాన్ లూయీ బారీ. పారిస్‌లోని జంతు ప్రదర్శనశాలలో గంటల తరబడి కూర్చుని జంతువుల ఒడలి తీరు గీసుకున్న మనిషి. 1831లో ఆయన పేరు మారుమోగేలా చేసిన శిల్పంలో ఒక పులి ఘరియల్ మొసలిని చీల్చుతూ ఉంటుంది. మన గంగలో తిరిగే మొసలి అది. అంతవరకు జంతువంటే రాజుగారి కాళ్ల కింద అలంకారమే. దానికి సొంత కోపం, సొంత భయం, సొంత అలసట ఉంటాయని కంచులో చూపించినవాళ్లు వీళ్లు. మేన్ చేతికి గుర్రాలు, వేటకుక్కలు బాగా పట్టుబడ్డాయి. అరబ్బీ గుర్రాల జంటను మెడలు ఆనించుకుని నిలిపిన ‘లకొలాద్’ ఆయన రూపాల్లో ఎక్కువమంది కోరుకున్నది. ఇలాంటి బొమ్మలు మధ్యతరగతి ఇళ్ల బల్లల మీద అమరేంత కొలతల్లో, ఒకే నమూనా నుంచి అనేక ప్రతులుగా పోతపోసి అమ్మారు. ప్రతి ప్రతీ అసలైనదే, కానీ ఏదీ ఒక్కటే ఒక్కటి కాదు. ఈ సంగతి మీకు ధర దగ్గర అక్కరకొస్తుంది.

హైదరాబాద్‌కు ఎలా వచ్చిందన్న అనుమానం అక్కర్లేదు. నిజాం కాలపు అమీర్ల దేవిడీల్లో, అంటే ప్రభువుల భవంతుల్లో, ఐరోపా సామాను ఎంత ఉండేదో తెలియాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక పూట గడిపితే చాలు. 1949లో జాగీర్లు రద్దయ్యాక ఎన్నో దేవిడీల దీపాలు, గడియారాలు, బొమ్మలు చేతులు మారాయి, నగరంలోని సాధారణ కుటుంబాల ఇళ్లలోకీ చేరాయి. మీ తాతగారు అలా కొని ఉండవచ్చు.

అయితే పేరు ఉన్నంత మాత్రాన అది మేన్ బతికి ఉండగా పోసిన ప్రతి అనుకోవడానికి లేదు. ఆయన పోయాక అల్లుడు, ఆయనా శిల్పే, ఒగుస్త్ కేన్ అవే నమూనాలతో పోత కొనసాగించాడు. తర్వాత ఆ నమూనాలు సూస్ అనే పేరున్న పోత సంస్థకు వెళ్లాయి. ఆపైన ఎవరెవరో ఒక పాత ప్రతి మీదనే మూస తీసి ప్రతులు పోశారు, ఇప్పటికీ పోస్తున్నారు. కాబట్టి ‘పేరు ఉందా’ అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. ఈ లోహం ఎలా పోశారు, పోశాక ఎవరి చేయి దాని మీద ఎంతసేపు పనిచేసింది, ఇదీ అడగవలసింది. పైరంగు ఎవరైనా వేయగలరు. ఆమ్లాలు పూసి, సెగ చూపించి వారంలో వందేళ్ల రంగు తెప్పించే పనివాళ్లున్నారు. పోతలోని పనితనాన్ని అలా తెప్పించలేరు.

గుర్రాన్ని పక్కకు పడుకోబెట్టండి, కింద మెత్తటి దుప్పటి వేసి. తోకనో చెవినో పట్టుకుని ఎత్తవద్దు, పీఠాన్నీ పొట్టనూ రెండు చేతులతో పట్టుకోండి. పట్టపగటి వెలుతురులో, భూతద్దంతో మొదట అక్షరాలు చూడండి. మంచి ప్రతిలో అక్షరాల అంచులు పదునుగా, లోతు స్పష్టంగా ఉంటాయి. బొమ్మ మీద మూస తీసి పోసిన నకిలీలో అవి అరిగిపోయిన నాణెం మీద రాతలా మొద్దుబారి ఉంటాయి. తర్వాత జూలు చూడండి. 19వ శతాబ్దపు మంచి కార్ఖానాలో పోత బయటికి వచ్చాక చెక్కుడు పనివాడు సన్నటి ఉలితో ఒక్కో వెంట్రుకల పాయను విడదీసేవాడు, కీళ్ల దగ్గర నరాలు తేల్చేవాడు, ముక్కుపుటాలు లోపలికంటా తొలిచేవాడు. ఆ గీతలు ఒకదానికొకటి అచ్చు పోలవు, మొదట లోతుగా మొదలై చివర తేలిపోతాయి. నకిలీలో జూలు ముద్దగా ఉంటుంది, ముక్కుపుటం ఒక చిన్న గుంటగా మిగిలిపోతుంది. చాలామంది చూడని చోటు ఇంకొకటుంది, తొడల లోపలి వైపు, పొట్ట కింద. చూసేవాళ్లకు కనబడని ఆ భాగాన్ని కూడా శుభ్రంగా పూర్తి చేసి ఉంటే అది ఆత్మగౌరవం ఉన్న కార్ఖానా పని. అక్కడ ముతక ఆకురాయి గీతలు, రంగు కింద ఇసుక గరుకు, చిన్న చిన్న బుడగ గుంతలు ఉంటే అనుమానించండి.

తర్వాత అడుగుభాగం. రాతి పీఠం నుంచి విప్పగలిగితే విప్పండి, బిగిసిపోయి ఉంటే బలవంతం చేయవద్దు. పాత ప్రతి లోపలి గోడ పలచగా, ఒకే మందంతో, రంగు పూయని మందగోధుమ వన్నెలో, మూలల్లో దశాబ్దాల దుమ్ముతో ఉంటుంది. నకిలీల్లో గోడ మందంగా, ఎగుడుదిగుడుగా ఉండటం, లోపల కూడా నల్లరంగు పూసి ఉండటం చూస్తుంటాం. బిగించిన మరలు చూడండి. కూడిక గుర్తులాంటి గాడి ఉన్న ఫిలిప్స్ మర 1930ల తర్వాత వచ్చింది. అది కనిపిస్తే బొమ్మ మొత్తం కొత్తదని అర్థం కాదు, ఎప్పుడో బాగు చేయించి ఉండవచ్చు. కానీ మరలన్నీ అవే అయి, వాటి చుట్టూ ఎక్కడా పాత తుప్పు మరక లేకపోతే ఆలోచించాల్సిందే.

కొలత కూడా తీసుకోండి, మిల్లీమీటర్లలో. కరిగిన కంచు చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతుల దాకా కుంచించుకుపోతుంది. పాత ప్రతి మీద మూస తీసి పోస్తే కొత్తది ఆ మేరకు చిన్నదవుతుంది. ముప్పై సెంటీమీటర్ల గుర్రానికి సుమారు ఐదు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. మేన్ రూపాల అసలు కొలతలు మ్యూజియంల, వేలం సంస్థల పట్టికల్లో దొరుకుతాయి. నకిలీని పట్టుకోవడానికి నాకు అన్నిటికన్నా నమ్మకమైన దారి ఇదే.

అసలు కంచేనా అన్నది కూడా తేల్చుకోవాలి. ఆ కాలంలోనే జింకు మిశ్రమంతో పోసి, పైన కంచు రంగు వేసిన చవక బొమ్మలు కూడా విరివిగా వచ్చాయి. ఒక వేలి కణుపుతో మెల్లగా తట్టి చూడండి. కంచు కొద్దిసేపు మోగుతుంది, జింకు దబ్బుమని ఆగిపోతుంది. అడుగున ఎవరికీ కనబడని చోట సూదిమొనంత గీస్తే కంచులో పసుపుపచ్చ ఎరుపు వన్నె, జింకులో బూడిద తెలుపు కనిపిస్తాయి. అయస్కాంతం రెంటికీ అంటుకోదు, కాబట్టి ఆ పరీక్ష పోత ఇనుమును ఏరిపారేయడానికి మాత్రమే. బంగారం నాణ్యత చూసే దుకాణాల్లో ఉండే ఎక్స్‌రే యంత్రం కింద పెడితే రాగి, తగరం, జింకు ఇంచుమించుగా ఎంతెంత ఉన్నాయో తెలుస్తుంది. అది లోహం పేరే చెబుతుంది, వయసు చెప్పదు. ఆ రసీదు చూపించి ‘పరీక్షలో పురాతనమని తేలింది’ అనేవాళ్లను నమ్మకండి.

లోహం కన్నా పోత తీరే ఎక్కువ చెబుతుందనడానికి, అదే సమయంలో ఒక్క గుర్తును పట్టుకుని తీర్పు చెప్పకూడదనడానికి రెండు పెద్ద ఉదాహరణలున్నాయి. రోమ్ నగరానికే చిహ్నమైన తోడేలు కంచు విగ్రహాన్ని క్రీస్తుపూర్వపు ఎట్రుస్కన్ శిల్పమని తరతరాలుగా పాఠాల్లో చెప్పారు. 1997లో మొదలైన మరమ్మతుల్లో దాన్ని దగ్గరగా చూసిన అన్నా మరియా కరుబా, ఇది ఒకే పోతగా పోసినదని, ప్రాచీనులు పెద్ద విగ్రహాలను ముక్కలుగా పోసి అతికేవారని, కాబట్టి ఇది మధ్యయుగపుదని వాదించారు. తర్వాత చేసిన కార్బన్ పరీక్షలూ 11, 12 శతాబ్దాల వైపే చూపాయి. దీనికి తలకిందుల కథ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం గుర్రానిది. 1923లో కొన్న ఆ చిన్న గ్రీకు గుర్రం ఒంటి చుట్టూ ఒక సన్నటి గీత కనిపించింది. ఆధునిక ఇసుక మూసలో పోసిన ఆనవాలు అది అని చెప్పి 1967లో నకిలీగా ప్రకటించారు. పోతపోసేటప్పుడు లోపల పెట్టిన మట్టి గర్భాన్ని తర్వాత ఉష్ణదీప్తి పద్ధతిలో, అంటే మట్టిని వేడిచేస్తే వెలువడే వెలుగును బట్టి అది ఎప్పుడు కాలిందో చెప్పే పద్ధతిలో, పరీక్షిస్తే ప్రాచీనమైనదేనని తేలింది, 1972లో పేరు నిలబడింది. ఆ గీత ఎవరో బొమ్మకు నకలు తీసినప్పుడు మిగిలిపోయిన మైనం. నిపుణులే ఐదేళ్లు ఆగి మాట మార్చుకున్న చోట, దుకాణంలో రెండు నిమిషాలు తిప్పి చూసి చెప్పిన వయసుకు ఎంత విలువ ఇవ్వాలో మీరే చూడండి.

గుర్రం గురించి ఇంత చెప్పాను కానీ, నాకు మనసు లాగుతున్నది నంది మీదికే. మీరు పెట్టిన ఫొటోలో మూపురం, నుదురు, మూతి నున్నగా అరిగి ఉన్నాయి. మెడలో గంటల పట్టెడ కింద, చెవుల వెనక, మడిచిన కాళ్ల సందుల్లో మాత్రం గీతలు ఇంకా పదునుగా ఉన్నాయి, ఆ సందుల్లో ఎర్రటి పొడి గట్టిపడి కనిపిస్తోంది. చేతులు ఎక్కడ తగులుతాయో అక్కడే అరగడం నిజమైన అరుగుదల. కృత్రిమంగా అరగదీసిన వస్తువు అన్నివైపులా ఒకేలా అరుగుతుంది, పూజలో ఉన్న వస్తువు అలా అరగదు. ఆ కుంకుమను గీకి తీయకండి. మీ ఇంట్లో ఎన్ని తరాలు దాన్ని తాకాయో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

మన ప్రాంతంలో ఇలాంటి చిన్న నందులు మైనపు పోతవి. తేనె మైనంలో గుగ్గిలం కలిపి బొమ్మ చేసి, మెత్తటి మట్టి పూతలు పూసి ఆరబెట్టి, కాల్చి మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. తర్వాత మట్టి పగలగొడతారు కాబట్టి ఒక మూసకు ఒకే బొమ్మ. శిల్పశాస్త్రాల్లో మధూచ్ఛిష్ట విధానమని చెప్పింది ఇదే. ఆదిలాబాద్ వైపు ఓజా కుటుంబాలు మట్టి గర్భం మీద సన్నని మైనపు తీగలు చుట్టి చేసే డోక్రా పని ఈ కోవదే. దానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీ నంది ఒంటి మీద తీగచుట్ల ఆనవాలు లేదు, ఒళ్లంతా నున్నటి పోత. రంగును బట్టి కంచు కన్నా ఇత్తడికి దగ్గర. దానివల్ల విలువేమీ తగ్గదు, దక్కనులో ఇంటి పూజా విగ్రహాలు చాలావరకు ఇత్తడివే. ఐరోపా ఇత్తడి వయసు లెక్కగట్టేటప్పుడు జింకు పాళ్లు ఎక్కువగా ఉంటే తర్వాతి కాలపుదనే ఒక పద్ధతి ఉంది. మన దేశానికి అది నేరుగా వర్తించదు. రాజస్థాన్‌లోని జావర్‌లో ఐరోపా కన్నా శతాబ్దాల ముందే జింకును బట్టీల్లో ఆవిరిగా మార్చి తీశారు. ఫొటో మీద నేను చెప్పగలిగింది ఇంతవరకే. చేతిలోకి తీసుకుని, అడుగు చూసి, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం కంచు విగ్రహాల పక్కన పోల్చి చూడాలి.

పంచలోహమని, బంగారం కలిసిందని ఎవరైనా చెప్పి గీకి చూపమంటే ఒప్పుకోకండి. అలాగే బియ్యపు గింజలను లాగుతుంది, ఇరిడియం ఉంది, కోట్లు వస్తాయి అంటూ ఫోన్లు చేసేవాళ్లుంటారు. రైస్ పుల్లింగ్ పేరుతో తెలుగు రాష్ట్రాల్లో ఎన్ని కుటుంబాలు మోసపోయాయో పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. పూజలోని పాత లోహపు వస్తువు ఫొటో బయట పెట్టగానే వీళ్లు వాసన పడతారు. ఇంటి చిరునామా ఎవరికీ ఇవ్వవద్దు.

మీ అన్నయ్య సంగతి. 1972 పురావస్తువుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. వందేళ్లు దాటిన శిల్పం పురావస్తువు. ఆ నిర్వచనంలో మన దేశంలోనే తయారై ఉండాలన్న షరతు లేదు, కాబట్టి ఫ్రెంచి గుర్రమని మినహాయింపు దొరుకుతుందనుకోవద్దు. పురావస్తువును వ్యక్తులు దేశం దాటించడం నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా ఉంటాయి. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టుకుని వెళ్దామన్న ఆలోచన వస్తే మాన్పించండి. గుర్రం వందేళ్ల లోపుదని తేలితే భారత పురావస్తు సర్వే నుంచి ‘పురావస్తువు కాదు’ అన్న ధ్రువపత్రం తీసుకుని అప్పుడు తీసుకువెళ్లవచ్చు. దాటిందని తేలితే లోహపు శిల్పం కాబట్టి ఫొటోలతో రిజిస్టర్ చేయించాలి. రిజిస్టరు చేసినంత మాత్రాన ప్రభుత్వం తీసేసుకోదు, చాలామంది ఈ భయంతోనే దాచుకుంటారు. వస్తువు మీ ఇంట్లోనే, మీ పేరు మీదే ఉంటుంది. తర్వాత చేతులు మారితే ఆ సంగతి అధికారికి తెలియజేయాలి, అంతే. దేశంలో అమ్ముకోవడానికి అడ్డు లేదు. కొనే వ్యాపారికి పురావస్తువుల లైసెన్సు ఉందో లేదో చూసుకోండి. ఇల్లు పడగొట్టేటప్పుడు పునాదుల్లో ఇంకేమైనా దొరికితే మాత్రం కథ వేరు. భూమిలో దొరికినదానికి 1878 నాటి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది, కలెక్టరుకు తెలియజేయాలి.

ధర అడిగారు. అంకె చెప్పను, చూడకుండా చెప్పడం మీకు అన్యాయం. తూకానికి మాత్రం ఇవ్వకండి. మేన్ గుర్రం ధర ఏ రూపం, ఏ కాలపు పోత, చెక్కుడు పని ఎంత నిలిచింది, పైపొర చెక్కుచెదరలేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. వీటితో సమానంగా పనికొచ్చేవి కాగితాలు. తాతగారి గదిలో గుర్రం కనిపించే పాత పెళ్లి ఫొటో, వేలం రసీదు, ఆస్తి పంపకాల జాబితాలో ఒక్క వాక్యం, ఏది ఉన్నా దాచండి. పాత ట్రంకుపెట్టెలు ఖాళీ చేసేటప్పుడు చిత్తుకాగితాలని పారేసేవి ఇవే.

అమ్మే తొందర లేకపోతే ముందు సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్లి ఐరోపా కంచు బొమ్మల ముందు నిలబడి చెక్కుడు పనిని బాగా చూసి రండి, శుక్రవారం సెలవు. తిరిగొచ్చి మీ గుర్రం జూలు చూస్తే తేడా ఉందో లేదో మీకే తెలుస్తుంది. తర్వాత నాలుగు ఫొటోలు పెట్టండి: అక్షరాలు దగ్గరగా, జూలు పక్క వెలుతురులో, పొట్ట కింది భాగం, పీఠం విప్పిన అడుగు. ఫ్లాష్ వాడకండి, గీతల లోతు పోతుంది. ఎత్తు, పొడవు మిల్లీమీటర్లలో, బరువు పీఠం లేకుండా రాయండి. నందిని పూజలో పెట్టుకోవాలనుకుంటే నిస్సందేహంగా పెట్టుకోండి. అభిషేకం మాత్రం దానికి చేయకుండా, పువ్వు, అక్షతలతో సరిపెట్టండి.